గంగవాయిలి కూర: అపోహలు, వాస్తవాలు

వానలు పడ్డాక మహారాష్ట్రలోని మా ధర్మాబాద్ చుట్టుపక్కల ఏ పెరటిలో చూసినా గంగవాయిలే. మరాఠీ ఇళ్లలో దీన్నే ఘోళ్ అంటారు. పోషకాహార సలహా చెప్పే నాకు ఈ ఆకు అంటే ప్రాణం. అందుకే దీని మీద తిరిగే తప్పుడు మాటలు వింటే ఊరుకోలేను.

అపోహ: గంగవాయిలి రసం కిడ్నీలో రాళ్లను కరిగిస్తుంది.

వీటన్నిటిలో ప్రమాదకరమైన మాట ఇది. పోయిన వానాకాలం ఒక పెద్దాయన రోజూ పరగడుపున గ్లాసెడు పచ్చి రసం తాగి, నొప్పి ఎక్కువై వచ్చారు. "కరిగిపోతాయన్నారమ్మా" అంటూ రిపోర్టు నా చేతిలో పెట్టారు. అందులో ఉన్నది కాల్షియం ఆక్సలేట్ రాయి. గంగవాయిలిలో పాలకూరలాగే ఆక్సలేట్ ఎక్కువ. ఆ రసం రాయిని కరిగించదు, పెరగడానికి కావలసిన సరుకు అందిస్తుంది. రసం ఆపించి, నీళ్లు పెంచమని చెప్పి, తిరిగి డాక్టరు దగ్గరికే పంపాను.

రాళ్లు లేనివారు నిశ్చింతగా వండుకోవచ్చు. ఉడికించిన నీళ్లు వంపేస్తే కొంత ఆక్సలేట్ పోతుంది. పెరుగుతోనో మజ్జిగతోనో తింటే వాటిలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసుకుంటుంది. ఇక్కడి మరాఠీ ఇళ్లలో ఘోళ్‌ను మజ్జిగలో వండుతారు. ఎంత మంచి పద్ధతో! డయాలసిస్ చేయించుకునేవారు మాత్రం డాక్టరును అడగనిదే ముట్టుకోవద్దు. 100 గ్రాముల పచ్చి ఆకులో దాదాపు 490 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, పాడైన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు.

అపోహ: ఇది తింటే చేపలు తిన్నట్టే.

ఆకుకూరల్లో ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఇంతగా ఉండటం అరుదే. 100 గ్రాముల తాజా ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ చేపలో ఉండే రకం వేరు. ఆకులోని రకాన్ని మన ఒళ్లు చాలా కొద్దిగానే ఆ రూపంలోకి మార్చుకోగలదు. శాకాహారులు అవిసె గింజల పొడి కూడా తినండి, చెంచాడు పొడిలోనే ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది.

అపోహ: పులుపు ఎక్కువుంటే ఆకు ముదిరినట్టు.

కాదు. బెట్టకొచ్చిన మొక్క రాత్రిపూట ఆకుల్లో మాలిక్ ఆమ్లాన్ని నిల్వ చేసుకుంటుంది. పగలు ఎండలో దాన్ని వాడుకుంటుంది. తెల్లవారుజామున కోస్తే పులుపు, సాయంత్రం కోస్తే చప్పన. పొద్దున కోసిన ఆకుతో పప్పు చేస్తే చింతపండు తగ్గించండి.

అపోహ: తానుగా మొలిచిందే కదా, ఎక్కడిదైనా తినవచ్చు.

సోయా చేలో కలుపు మందు కొట్టాక గట్టు మీద పచ్చగా మిగిలిన మొక్కను కోయకండి. మురుగు కాలువ పక్కది అసలే వద్దు. నేల మీద పాకే నానబాలు మొక్కలను చూసి గంగవాయిలి అని పొరబడేవారూ ఉన్నారు. గంగవాయిలి కాడ నున్నగా, ఎర్రగా, కండపట్టి ఉంటుంది, నూగు ఉండదు, పువ్వు పసుపు. అనుమానం వస్తే కాడ విరిచి చూడండి. నీరు ఊరితే గంగవాయిలి. తెల్లని పాలు కారితే పారేసి, చేతులు కడుక్కోండి.