లింకన్ కుటుంబం కెంటకీని విడిచిన కారణం

అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న 1860లో అబ్రహాం లింకన్ తన జీవిత సంగ్రహం ఒకటి రాసి ఇచ్చాడు. తన తండ్రి కెంటకీ వదిలి ఇండియానాకు తరలిపోవడానికి బానిసత్వం కొంత కారణమనీ, ముఖ్య కారణం మాత్రం కెంటకీలో భూమి హక్కుల చిక్కులేననీ అందులో ఉంది. బానిసత్వం ప్రస్తావనకు దక్కిన ప్రచారం ఈ రెండో కారణానికి దక్కలేదు గాని, ఆ రైతు కుటుంబం రెండు తరాల పాటు ఊళ్లు మారుతూ పోవడం దీని వల్లే ఎక్కువగా అర్థమవుతుంది.

లింకన్ తాత పేరు కూడా అబ్రహామే. ఆయన 1780ల తొలి ఏళ్లలో వర్జీనియా నుంచి కెంటకీకి వచ్చి వేల ఎకరాలు సంపాదించాడు. తమ నేలను ఆక్రమిస్తున్న వలసదారులతో ఆదివాసులు పోరాడుతున్న ఆ రోజుల్లో, 1786లో, పొలంలో పని చేస్తుండగా వారి దాడిలోనే చనిపోయాడు. కెంటకీ అప్పటికి వర్జీనియాలో భాగం కావడంతో, వీలునామా లేని భూమి అక్కడి పాత చట్టం ప్రకారం పెద్దకొడుకు మోర్డికైకి పోయింది. ఆ పద్ధతిని రద్దు చేసిన కొత్త చట్టం 1787లో గాని అమల్లోకి రాలేదు. దాంతో ఎనిమిదేళ్ల థామస్‌కు, అంటే కాబోయే అధ్యక్షుడి తండ్రికి, సెంటు భూమి కూడా దక్కలేదు. అతడు కూలికి వెళ్లి, వడ్రంగం నేర్చి, 1803లో సొంత డబ్బుతో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు కొన్నాడు. అతడు సోమరి అన్న ముద్ర చాలాకాలం నిలిచింది గాని, దస్తావేజులు చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

కెంటకీలో ప్రభుత్వం ముందుగా సర్వే చేయించి భూమిని అమ్మలేదు. ఎవరికి వారే భూమిని ఎంచుకుని, చెట్లూ వాగులూ రాళ్లూ హద్దులుగా రాయించుకునేవారు. లింకన్ పుట్టిన సింకింగ్ స్ప్రింగ్ పొలానికి ఒక పెద్ద తెల్ల ఓక్ చెట్టే హద్దు గుర్తు. అది 1976 దాకా బతికింది. చెట్టు కూలితే, వాగు దారి మారితే హద్దు ఏదో తేల్చడం కష్టం. పైగా ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి కాగితాలు ఉండేవి. వ్యాజ్యాలు నడపగలిగిన కలవారికి ఇది వరమైంది, చిన్న రైతులు మాత్రం నలిగిపోయారు.

థామస్‌కు మూడు పొలాల్లోనూ దెబ్బే తగిలింది. మిల్ క్రీక్ భూమి హద్దుల నమోదులో పొరపాటు వల్ల 38 ఎకరాలు తరిగిపోయింది. 1808 డిసెంబరులో 200 డాలర్లు చెల్లించి తీసుకున్న సింకింగ్ స్ప్రింగ్, పాత యజమానికి రావలసిన బాకీ తగాదాలో చేజారింది. 1811లో నాబ్ క్రీక్ ఒడ్డున 30 ఎకరాలు కౌలుకు తీసుకుంటే, ఆ ప్రాంతమంతా తమదేనంటూ ఫిలడెల్ఫియాకు చెందిన వారసులు 1815లో అతని మీదా ఇరుగుపొరుగు రైతుల మీదా దావా వేశారు. మరుసటి ఏడాది డిసెంబరులో అతడు కుటుంబంతో ఒహాయో నది దాటి ఇండియానా చేరాడు.

ఇండియానాలో పరిస్థితి వేరు. 1785 నాటి శాసనం ప్రకారం అక్కడ ఆరు మైళ్ల చదరాలు గీసి, ఒక్కొక్కటీ 640 ఎకరాల చొప్పున 36 భాగాలు చేసి అమ్మేవారు. అమ్మేది ఫెడరల్ ప్రభుత్వమే కాబట్టి హక్కులో తిరకాసు లేదు. థామస్ 1817లో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టి, ఎకరం రెండు డాలర్ల ధరలో నాలుగో వంతు, అంటే 80 డాలర్లు, కట్టాడు. మరుసటి ఏడాదే భార్య నాన్సీ విషపు మొక్క మేసిన ఆవుల పాలవల్ల వచ్చే జబ్బుతో చనిపోయింది. మిగతా వాయిదాలు కట్టలేక, 1827లో సగం భూమిని ప్రభుత్వానికి వదిలేసి 80 ఎకరాలకు పూర్తి హక్కు సంపాదించాడు. మూడేళ్ల తర్వాత ఆ భూమినీ అమ్మి ఇల్లినాయ్ చేరాడు. అప్పటికి వకీలైన కొడుకు 1841లో అతని దగ్గరే 40 ఎకరాలు 200 డాలర్లకు కొని, తండ్రీ సవతి తల్లీ బతికినంత కాలం దాన్ని అనుభవించేలా ఏర్పాటు చేశాడు.