ఇంట్లోనే ఉంది కదా డాక్టర్ గారూ: కొత్త కుక్కపిల్ల విషయంలో అపోహలు, వాస్తవాలు

"బయటికి అస్సలు తీసుకెళ్లలేదు డాక్టర్ గారూ, ఇంట్లోనే ఉంది." విశాఖలో కుక్కలకు వైద్యం చేస్తూ నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. ఆ మాట అంటున్నప్పుడు తువ్వాలులో చుట్టిన రెండు నెలల పిల్ల టేబుల్ మీద తల ఎత్తలేక పడుకుని ఉంటుంది. వాళ్లు చెప్పింది నిజమే. పిల్ల ఇంట్లోనే ఉంది, ప్రమాదమూ ఇంట్లోనే ఉంది.

అపోహ: బయటికి వెళ్లని పిల్లకి టీకాల తొందర లేదు.

పార్వో అంటే కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చి ప్రాణం తీయగల వైరస్. అది మన చెప్పులతో లోపలికి వచ్చేస్తుంది. జబ్బు చేసిన కుక్క విరేచనంలో ఉండే ఈ వైరస్ నీడ పట్టున నెలల తరబడి బతుకుతుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచి వచ్చిన బూట్లు హాల్లో విప్పితే, పిల్ల ముందుగా వెళ్లి నాకేది వాటినే.

మొదటి డోసు 6 నుంచి 8 వారాల వయసులో వేయించాలి. తర్వాత 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండే దాకా వేయిస్తూనే ఉండాలి. "మొన్నే వేయించాం కదా, మళ్లీ ఎందుకు?" అని అందరూ అడుగుతారు. పిల్లకి తల్లి దగ్గర నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాని కూడా పనిచేయనివ్వవు. అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ వేస్తాం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఈ టీకాలన్నీ పూర్తయ్యే దాకా చెప్పులు గుమ్మం బయటే వదలండి. పిల్లకి వీధి చూపించాలంటే ఎత్తుకుని చూపించండి, నేల మీద మాత్రం దించకండి.

అపోహ: రోజూ ఫినాయిల్ వేసి తుడిస్తే భయం లేదు.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు ప్రేమగా చూసుకునే వాళ్లే చేస్తారు. ఒకసారి మూడు నెలల లాబ్రడార్ పిల్లని తెచ్చారు. ఒకటే గోక్కుంటోంది, అన్నం ముట్టడం లేదు. తిప్పి చూస్తే పొట్ట కింద చర్మం వేడినీళ్లు పడ్డట్టు ఎర్రగా ఉంది. పాదం ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున ఫినాయిల్ వాసన. అది ఉచ్చ పోసిన ప్రతిసారీ నీళ్లలో చిక్కగా ఫినాయిల్ కలిపి తుడుస్తున్నారట. ఆ తడి నేల మీదే పొట్ట ఆనించి పడుకుంటోంది, తర్వాత ఆ పాదాలే నాకుతోంది. "ఇంత శుభ్రంగా ఉంచుతున్నామే" అని ఆ ఇంటి పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గోరువెచ్చని నీళ్లతో, మెత్తని సబ్బుతో కడిగి, మందు రాసి పంపించాం. వారానికి కోలుకుంది.

పైగా ఫినాయిల్‌ని నమ్ముకుంటే పార్వో పోదు. ఇంతకుముందు ఇంట్లో ఒక పిల్ల పార్వోతో పోయి ఉంటే, ముందు మురికి మొత్తం కడిగేసి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి నేల తడపండి. పది నిమిషాలు అలాగే ఉంచి మంచినీళ్లతో కడిగేయండి. నేల పూర్తిగా ఆరే దాకా పిల్ల వేరే గదిలో ఉండాలి. బ్లీచ్‌లో ఫినాయిల్ గానీ యాసిడ్ గానీ కలపొద్దు. మామూలు రోజుల్లో ఉచ్చ పోసిన చోట సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెడితే చాలు.

అపోహ: మనం తినేది కొంచెం పెడితే ఏం కాదు.

ఉప్పు లేని అన్నం, ఎముక తీసి ఉడకబెట్టిన చికెన్ పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మన వంటలో ఉల్లి, వెల్లుల్లి లేని కూర ఎక్కడుంది? అవి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. దానికి కారణం ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమని 2021లో అమెరికాలో పశువైద్యులు ప్రతిపాదించారు. మన చింతపండు నిండా ఉన్నదీ ఆ ఆమ్లమే. చింతపండు తిన్న కుక్కలకు కూడా మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు తర్వాత గుర్తించారు. కాబట్టి పులిహోర, చారన్నం, చేపల పులుసు కలిపిన అన్నం పెట్టకండి. చాక్లెట్ కుక్కకి విషమన్న సంగతి అందరికీ తెలిసిందే.

ఎండాకాలంలో ఇంకో గండం మామిడి టెంక. పిల్ల దాన్ని చీకుతూ చీకుతూ మింగేస్తుంది, అది పేగులో అడ్డం పడుతుంది. ఆపరేషన్ తప్ప వేరే దారి ఉండదు చాలాసార్లు. టెంకలు మూత గట్టిగా పడే డబ్బాలో వేయండి.

అపోహ: ఏదైనా తినేస్తే పాలు పట్టాలి, లేదంటే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలి.

రెండూ వద్దు. పాలు విషాన్ని విరవవు. కర్పూరం, కలరా ఉండలు కొవ్వులో కరిగేవి, పాలతో కలిస్తే ఒంటికి ఇంకా త్వరగా పట్టొచ్చు. ఉప్పునీళ్లతో రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. ఇక బాత్రూమ్ యాసిడ్, కిరోసిన్ లాంటివి తాగిన పిల్లని కక్కిస్తే గొంతు రెండోసారి కాలుతుంది, లేదా ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎలుకల మందు విషయంలో "తిని రోజయింది, హుషారుగానే ఉంది" అనుకుని ఊరుకోకండి. కొన్ని మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. వాటి లక్షణాలు బయటపడేది మూడు నుంచి అయిదు రోజులకి. ముందే వస్తే విటమిన్ కె1తో కాపాడుకోవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ రకం వేరు, అది కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. అప్పుడు అన్నం పెడితే ఆమ్లం పెరిగి ఇంకా ముప్పు. ఏ రకమో మాకు తెలియాలి కాబట్టి ప్యాకెట్, చిరిగిన ముక్క అయినా సరే, వెంట తీసుకురండి. ఎప్పుడు తిందో టైమ్ రాసుకోండి.

అపోహ: మొక్కలు సహజమైనవి, హాని చేయవు.

గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ గుండెకి విషం. పూజ అయ్యాక తీసేసిన గన్నేరు పూలు కూడా పిల్లకి అందకూడదు. మనీ ప్లాంట్ నమిలితే నోరు మండి చొంగ కారుతుంది. సైకస్ (చిన్న ఈత చెట్టులా కనిపించే అలంకరణ మొక్క) కుండీ ఉంటే పిల్ల వచ్చేలోపు ఎవరికైనా ఇచ్చేయండి, అది కాలేయాన్ని తినేస్తుంది.

అపోహ: సముద్రపు గాలి తగులుతుంది, బాల్కనీలో కట్టేస్తే చల్లగా ఉంటుంది.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితే, ఆ తడి ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. మన వైజాగ్ ఉక్కపోతలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఆ తడి సరిగా ఆరదు. పగ్ లాంటి పొట్టి ముక్కు పిల్లలకు మరీ కష్టం. మే నెలలో బాల్కనీలో కట్టేసి ఆఫీసుకి వెళ్లడం వడదెబ్బని పిలవడమే. గ్రిల్ సందులు కూడా చూసుకోండి. తల పట్టిందంటే పిల్ల ఒళ్లంతా దూరుతుంది. నేల నుంచి మూడు అడుగుల దాకా మెష్ కట్టించండి.

అపోహ: ప్రమాదమైనవన్నీ పైన పెట్టేశాం, ఇల్లు రెడీ.

నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంటికి పిల్ల వస్తుందన్న ముందు రోజు రాత్రి, టార్చ్ పట్టుకుని హాల్లో బోర్లా పడుకుని, దాని కళ్లకి కనిపించే ఎత్తులో ఇల్లంతా పాకి చూశాను. సోఫా కింద మా మామగారి బీపీ మాత్ర సగం ముక్క, ఒక హెయిర్ క్లిప్, పాత రిమోట్ నుంచి జారిన బటన్ బ్యాటరీ. ఆ బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే కొద్ది గంటల్లోనే కాల్చి చిల్లు పెట్టగలదు. టీవీ వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సు సరిగ్గా పిల్ల నోటి ఎత్తులో ఉంది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే మూడు నుంచి ఏడు నెలల మధ్య అది వైరు కొరక్కుండా ఉండదు. ఆ రాత్రే వైర్లన్నీ పైపులో దూర్చి గోడకి బిగించాం. ఎప్పుడైనా పిల్లకి షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే దాన్ని ముట్టుకోండి. లేచి తిరుగుతున్నా సరే డాక్టర్‌కి చూపించండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.

ఇప్పటికీ ఆదివారం పొద్దున్న ఇల్లు తుడిచే ముందు ఆ టార్చ్ తీస్తాను. పోయిన వారం బీరువా కింద కలరా ఉండ దొరికింది.