డిప్ప చూసి ఊరు చెప్పలేం: తాబేళ్ల జన్యుపటంపై అపోహలు, వాస్తవాలు

తాబేళ్ల డీఎన్ఏ చదవడం నా వృత్తి అని చెప్పగానే ఎదుటివారు రెండే ప్రశ్నలు వేస్తారు. ఇంట్లో నక్షత్ర తాబేలు ఉంటే కలిసి వస్తుందా అన్నది మొదటిది. దాన్ని ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం కాబట్టి, కలిసి వచ్చేవి కోర్టు వాయిదాలే అని జవాబిస్తాను. అంతరించిన జాతిని మీరు మళ్లీ పుట్టిస్తారా అన్నది రెండోది. దానికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు.

అపోహ: జన్యుక్రమం చదవాలంటే పాపం, ఆ జీవి నుంచి బోలెడంత రక్తం తీయాలి.

మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి వాటిలో డీఎన్ఏ దొరకదు. తాబేలు ఎర్రకణం అలా కాదు, ప్రతిదానిలోనూ కేంద్రకం ఉంటుంది. అందుకే తోక దగ్గరి సిర నుంచి రెండు మూడు చుక్కలు తీస్తే మామూలు పరీక్షలన్నిటికీ సరిపోతుంది. కొత్తగా చేరినవారు చేసే తప్పు ఎక్కువ రక్తం వేయడమే. కణాలను పగలగొట్టే ద్రావణంలో ఒక చుక్క ఎక్కువ పడిందంటే గొట్టంలో ఉన్నదంతా తుమ్మబంకలా మారుతుంది, పిపెట్‌తో లాగితే తీగలా సాగుతుంది. నేను చేరిన మొదటి నెలలో ఒక రోజు నమూనాలన్నీ ఇలాగే బంక చేసి పారబోశాను. ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తం గడ్డకట్టకుండా మామూలుగా వాడే ఈడీటీఏ కొన్ని తాబేళ్ల రక్తకణాలను చిదిమేస్తుంది కాబట్టి పశువైద్యులు దాని బదులు హెపారిన్ వాడతారు. ఆ హెపారిన్, కొద్దిపాటి డీఎన్ఏకు ఎన్నో నకళ్లు తీసే మా పీసీఆర్ పరీక్షను అడ్డుకుంటుంది. రక్తం తీసే ముందే ఇద్దరం మాట్లాడుకోకపోతే ఆ తాబేలును రెండోసారి పొడవాల్సి వస్తుంది.

అపోహ: స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న నక్షత్ర తాబేళ్లను దగ్గర్లోని అడవిలో వదిలేస్తే సరిపోతుంది.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది దీని గురించే. నక్షత్ర తాబేలు గుజరాత్, రాజస్థాన్‌ల వైపు ఒక చోట, మన ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల మెట్ట ప్రాంతాల్లో ఇంకో చోట, శ్రీలంకలో మరో చోట ఉంటుంది. ఈ మూడు చోట్లవీ చాలా కాలంగా విడివిడిగా బతుకుతున్నాయి కాబట్టి ఒక చోటివాటిని ఇంకో చోటివాటితో కలిపేయకూడదు. సూట్‌కేసులో బట్టల మధ్య కుక్కిన పిల్లలను వరసగా బల్ల మీద పెట్టి చూస్తే అన్నిటి డిప్పల మీదా అవే పసుపు గీతలు. ఏది ఎక్కడిదో ఎంత అనుభవం ఉన్నవారైనా కచ్చితంగా చెప్పలేరు.

సింగపూర్‌లో పట్టుబడి హైదరాబాద్‌కు తిరిగివచ్చిన నక్షత్ర తాబేళ్ల విషయంలో సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. వాటిని ఎక్కడ వదలాలి? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు రెండు రకాల డీఎన్ఏ పరిశీలించి వాటి మూలం వెతికారు, 2006లో ఆ ఫలితాలు ప్రచురించారు. రెండు రకాలు ఎందుకంటే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తల్లివైపు వంశం చెప్పి ఊరుకుంటుంది, తండ్రి ఎక్కడివాడో దానికి తెలియదు. కేంద్రకంలోని డీఎన్ఏ కూడా చదివితేనే రెండు వైపుల కథా బయటపడుతుంది.

ఇక శ్రీకూర్మం ఆలయంలోని నక్షత్ర తాబేళ్ల సంగతి చూడండి. భక్తులు కూర్మనాథుడి మీద భక్తితో తెచ్చి ఇచ్చినవి అవి. ఏ భక్తుడు ఎక్కడి నుంచి తెచ్చాడో చిట్టాలో ఎవరు రాస్తారు? ఇలాంటి చోట డీఎన్ఏ తప్ప వేరే సాక్షి ఉండడు. అయితే డీఎన్ఏ నివేదికలో జలుబు కనిపించదు. గుంపులో ఉన్నప్పుడు అంటుకున్న శ్వాసకోశ వ్యాధిని అడవిలోకి మోసుకుపోకుండా ఆపాలంటే కొన్నాళ్లు విడిగా ఉంచి చూడాల్సిందే.

అపోహ: ఆకారం చూస్తే జాతి తెలుస్తుంది, డీఎన్ఏ చదవడం శాస్త్రవేత్తల వేడుక.

పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో ఒకటైన ఫెర్నాండినాలో 1906లో ఒక మగ తాబేలు దొరికింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా మరొకటి దొరకలేదు. 2019లో అక్కడ ఒక ఆడ తాబేలు కనిపించింది, ఫెర్నాండా అని పేరు పెట్టారు. ఎదుగుదల సరిగా లేక గిడసబారి ఉంది, దాని డిప్ప మ్యూజియంలో ఉన్న ఆ 1906 నాటి మగదాని డిప్పలా లేదు. పాత రోజుల్లో నావికులు ఒక దీవి తాబేళ్లను ఓడలెక్కించి ఇంకో దీవిలో దింపిన సందర్భాలున్నాయి కాబట్టి ఇదీ పొరుగు దీవిదేమో అన్న అనుమానం వచ్చింది. మ్యూజియం నమూనా జీనోమ్‌తో, అంటే పూర్తి జన్యుక్రమంతో, దీని జీనోమ్ పోల్చి చూస్తే రెండూ ఒకే వంశం. 2022లో ఆ సంగతి వెలువడింది. లేదనుకున్న జాతి ఉంది, కానీ తెలిసినంతలో ఒక్కటే ఉంది.

అపోహ: జీనోమ్ చేతిలో ఉంటే అంతరించిన జాతిని తిరిగి తేవచ్చు.

గాలాపగోస్‌లోని పింటా దీవి జాతిలో ఆఖరి తాబేలు లోన్సమ్ జార్జ్ 2012 జూన్ 24న చనిపోయింది. దాని జీనోమ్ 2018లో వచ్చింది. డీఎన్ఏ మరమ్మతు, రోగనిరోధకత, క్యాన్సర్‌కు సంబంధించిన జన్యువుల గురించి అది చాలా నేర్పింది. పింటా తాబేలు మాత్రం తిరిగి రాలేదు.

గాలాపగోస్‌లోనే ఉన్న ఫ్లోరియానా దీవి కథ కొంత వేరు. పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడి తాబేళ్లు పోయాయి. కానీ ఇసబెలా దీవిలోని వోల్ఫ్ అగ్నిపర్వతం మీద ఉన్న తాబేళ్ల రక్తాన్ని మ్యూజియం ఎముకల డీఎన్ఏతో పోల్చినప్పుడు కొన్నిటిలో ఫ్లోరియానా వంశం బయటపడింది. వాటిని ఎంచుకుని సంతానోత్పత్తి కేంద్రంలో జతలు కట్టారు. ఇందులో మాయ ఏమీ లేదు, మంచి పశువును ఎంచుకుని దాటించే రైతు పనే. దూడ బదులు తాబేలు పిల్ల కాబట్టి ఓపిక మాత్రం చాలా ఎక్కువ కావాలి.

అపోహ: సంఖ్య పెరిగితే జాతి గట్టెక్కినట్టే.

మేనరికాల బాధ తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. గాలాపగోస్‌లోనే ఉన్న ఎస్పానోలా దీవిలో మిగిలినవి 14 తాబేళ్లు, అందులో మగవి రెండే. శాన్ డియాగో జూ నుంచి డియాగో అనే మూడో మగ తాబేలును తెచ్చి కలిపారు. ఈ 15 తాబేళ్ల సంతానం దాదాపు 2,000 దీవికి చేరింది. 2020లో డియాగో ఇంటికి వెళ్లినప్పుడు జాతిని నిలబెట్టిన మగధీరుడని పత్రికలు కీర్తించాయి. పితృత్వ పరీక్షల లెక్క వేరు: సుమారు 40 శాతం పిల్లలకు డియాగో తండ్రి, మిగిలినవాటిలో దాదాపు అన్నిటికీ ‘ఈ5’ (E5) అనే గుర్తు తప్ప పేరైనా లేని మగ తాబేలు తండ్రి. నాకైతే ఆ ఈ5 అంటేనే ఇష్టం. దీవిలో మిగిలిన రెండో మగదాని వాటా నామమాత్రం, అంటే దాని జన్యువులు తర్వాతి తరానికి పెద్దగా చేరనే లేదు. రెండు వేల పిల్లలున్నా తండ్రుల లెక్క రెండు దగ్గరే ఆగింది. ఏ జతను కలపాలో ముందే లెక్క వేసుకోవడానికే జన్యుపటం.

అపోహ: డీఎన్ఏ చూసి గుడ్డులోని పిల్ల ఆడో మగో చెప్పేయవచ్చు.

చాలా తాబేళ్లకు లింగ క్రోమోజోములే ఉండవు. కొన్ని మెత్తటి డిప్ప తాబేళ్ల వంటివి మినహాయింపు. మన తీరానికి వచ్చే సముద్రపు తాబేలు ఆలివ్ రిడ్లేలో గూడు వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయి. కుక్కలు, నక్కల బెడదకు గుడ్లను ఏరి హేచరీలో పాతిపెట్టే కుర్రాళ్లు నాకు పిల్లల కణజాలం పంపి లింగం చెప్పమంటే, నేను తిరిగి అడిగేది ఒక్కటే: గుడ్ల పక్కన ఇసుకలో థర్మామీటరు పెట్టారా?