మారియో మన ఊళ్లకు ఏ దారిన వచ్చాడు

ఇప్పుడు నలభై ఏళ్లకు అటూఇటూ ఉన్న నల్లగొండ, పాలమూరు వాళ్లను చిన్ననాటి వీడియో గేముల్లో ఇష్టమైనవి చెప్పమంటే, మారియో, కాంట్రా పేర్ల వెంటనే ట్యాంకుల ఆట, రోడ్ ఫైటర్, సర్కస్ వరసగా వస్తాయి. ఇవన్నీ నడిచిన నింటెండో గేమ్ యంత్రం మీదే ఆడిన అమెరికా వాళ్లు వేసుకునే ఉత్తమ ఆటల జాబితాల్లో జేల్డా, మెట్రాయిడ్ ముందుంటాయి. మన దగ్గర చాలామంది ఆ రెండింటినీ అప్పట్లో చూడనే లేదు. ఆ జాబితాలను చదివి, మనం ఆడినవి చిల్లర ఆటలేమోనని మన వాళ్లే చిన్నబుచ్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఈ తేడా అభిరుచి వల్ల వచ్చింది కాదు. యంత్రం మన ఇళ్లకు చేరిన దారి వేరు కాబట్టి వచ్చింది.

ఆ యంత్రం అసలు పేరు ఫ్యామిలీ కంప్యూటర్, పొట్టిగా ఫామికామ్. మసయుకి ఉఎమురా నాయకత్వంలో రూపొందిన దీన్ని నింటెండో సంస్థ 1983 జులై 15న జపాన్‌లో 14,800 యెన్లకు అమ్మకానికి పెట్టింది. లోపల ఉన్నది సుమారు 1.79 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే ప్రాసెసరు, 2 కిలోబైట్ల పని మెమొరీ, బొమ్మలను గీయడానికి విడిగా మరో చిప్పు. అదే ఏడాది అమెరికాలో నాసిరకం ఆటలు వెల్లువెత్తి ఇంటి వీడియో గేముల వ్యాపారమే కుప్పకూలింది. అందుకే 1985లో అక్కడ అడుగుపెట్టినప్పుడు నింటెండో తన పెట్టెకు కొత్త రూపమిచ్చి, తన అనుమతి లేని క్యాసెట్టు (ఆట చిప్పు ఉండే ప్లాస్టిక్ డబ్బీ) పనిచేయకుండా లోపల ఒక తాళం చిప్పును అమర్చింది. క్యాసెట్టు పిన్నులు కూడా 60 నుంచి 72 అయ్యాయి. 60 పిన్నుల జపాన్ పెట్టెలో మాత్రం ఆ తాళం లేదు. తైవాన్‌లోని తయారీదారులు నకలు తీసింది దాన్నే. మొదట చిప్పులను విడివిడిగా అనుకరించి, తర్వాత యంత్రమంతా ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద నల్లటి జిగురు ముద్ద వేసి, చవక ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ప్రపంచమంతా పంపారు.

మన దేశంలో 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైనా, చాలా రకాల వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్ 1న గాని పూర్తిగా తొలగలేదు. అసలు పెట్టె సులువుగా దిగుమతి కాలేని ఆ పదేళ్లలోనే లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో ఈ నకలు యంత్రాలు మన ఇళ్లలో స్థిరపడ్డాయి. హైదరాబాద్ వెళ్లిన మేనమామో, బాబాయో కోఠిలో కొని, ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తే అది దేవరకొండకో వనపర్తికో చేరేది. కొనలేని వాళ్ల కోసం గంట లెక్కన ఆడించే దుకాణాలు వచ్చాయి. ఎండాకాలం సెలవుల్లో వాటి ముందు వరస కట్టి నిలబడిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి.

మనకు ఏ ఆటలు దక్కాలో తేల్చింది క్యాసెట్టు లోపలి చోటు. తొలినాటి ఫామికామ్ ఆటలు 24 లేదా 40 కిలోబైట్లలో ఒదిగిపోయేవి. 1985 సెప్టెంబరు 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్, 8 లోకాలు, 32 అంచెలతో సహా, 40 కిలోబైట్లే; చోటు మిగుల్చుకోవడానికి దానిలో మబ్బుకూ పొదకూ ఒకే బొమ్మను వాడి రంగు మాత్రమే మార్చారు. ఇంత చిన్న ఆటలు కాబట్టి నకలు తయారీదారులు పదులకొద్దీ ఆటలను ఒకే క్యాసెట్టులో కుక్కగలిగారు. పైన 9999 ఆటలని ముద్రించి ఉన్నా లోపల ఉండేవి ఆ కొద్దిపాటి ఆటలే. లైఫులు పెంచో, ఏ మూడో అంచె నుంచో మొదలుపెట్టో వాటినే మళ్లీమళ్లీ జాబితాలో చూపించేవారు. జేల్డా సంగతి వేరు. అది 1986లో జపాన్‌లో డిస్కు మీద వచ్చింది, అమెరికా క్యాసెట్టులో ఆట ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోవడానికి బ్యాటరీ పెట్టారు. చవక క్యాసెట్టుకు ఆ ఖర్చు గిట్టదు. పైగా ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని ఊళ్లలో, పోయిన క్షణాన ఆడినదంతా తుడిచిపెట్టుకుపోయే చోట, పది నిమిషాల్లో తాడోపేడో తేలే ఆటే పిల్లలకు దగ్గరయ్యింది.

ట్యాంకుల ఆట మనకు ఎందుకంత ఇష్టమైందో ఇక్కడే అర్థమవుతుంది. దాని పేరు బ్యాటిల్ సిటీ. 1985లో నామ్కో సంస్థ ఫామికామ్ కోసం తెచ్చింది. తెర అడుగున ఇటుక గోడల మధ్య ఒక గద్ద బొమ్మ, దాని మీదికి విడతకు 20 శత్రు ట్యాంకులు, మొత్తం 35 అంచెలు. ఇద్దరు కలిసి ఆడవచ్చు. పొరపాటున తోటివాడిని కాలిస్తే అతను చావడు, కాసేపు కదలలేక నిలిచిపోతాడు. దీనివల్ల పుట్టిన అన్నదమ్ముల తగాదాలకు లెక్కే లేదు. గోడలను మనమే పేర్చుకుని కొత్త అంచె కట్టుకునే వీలు కూడా ఉంది. ఆ రోజుల్లో ఒక పిల్లవాడి చేతికి అంతటి నిర్మాణ స్వేచ్ఛ ఇచ్చిన ఆటలు అరుదు. ఇంత గొప్ప ఆటను ఆ రోజుల్లో అమెరికా మార్కెట్లోకి తేనే లేదు. రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీలదీ అదే కథ. తాళం లేని జపాన్ యంత్రం నకలు వల్ల, అమెరికా పిల్లలకు దుకాణంలో దొరకని ఆటలు మిర్యాలగూడ, జడ్చర్ల పిల్లలకు దొరికాయి.

కాంట్రా కాస్త భిన్నం. కొనామి సంస్థ 1987లో నాణేలతో ఆడే యంత్రం మీద తెచ్చి, 1988లో ఇంటి పెట్టెకు మార్చిన ఈ ఆట అమెరికా క్యాసెట్టులో 128 కిలోబైట్లు, అంటే మారియోకు మూడు రెట్లకు పైనే. మూడు లైఫులను ముప్పై చేసే బటన్ల వరుసను మన పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని ఎక్కాల్లా అప్పజెప్పేవారు. దాన్ని మొదట రాసింది కొనామి ప్రోగ్రామరు కజుహిసా హషిమోటో, 1986లో గ్రాడియస్ అనే మరో ఆటను ఇంటి పెట్టెకు మార్చే పనిలో ఉండగా. ఆట మరీ కఠినంగా ఉండి తానే పరీక్షించలేకపోవడం వల్ల పెట్టుకున్న వెసులుబాటు అది.

మరొక తేడాను మనవాళ్లు ఎక్కువగా గమనించలేదు. జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు తెరను గీస్తే, మన దేశంలో వాడిన పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి టీవీ 50 సార్లే గీస్తుంది. ఆట నడకా, సంగీతపు లయా ఆ గీతకే ముడిపడి ఉంటాయి కనుక, పాల్‌కు సర్దిన నకలు పెట్టెల మీద మారియో దాదాపు ఆరో వంతు నెమ్మదిగా పరుగెత్తాడు. మారియోకు సంగీతకారుడు కోజీ కొండో కట్టిన బాణీ మన చెవుల్లో ఉన్నది ఆ నెమ్మది లయలోనే. ఇప్పుడు ఫోనులో అసలు ఆట ఆడి, ఎందుకింత తొందరపడుతోందని మా తమ్ముడు అడిగినప్పుడు నాకీ సంగతి తట్టింది.

టీవీ వైపు బొమ్మ తుపాకీ గురిపెట్టి ఆడే బాతుల ఆటకు (డక్ హంట్) పట్టిన గతి వేరు. తుపాకీ మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ మొనలోని కాంతి గ్రాహకం ఆ మెరుపును పట్టుకుంటే దెబ్బ తగిలినట్టు. ఆ లెక్కంతా గాజు గొట్టపు టీవీ తెరను గీసే తీరు మీద కట్టినది. బొమ్మను కాస్త ఆలస్యంగా చూపే నేటి పలుచటి టీవీల ముందు పాత తుపాకీ పనిచేయదు. పెద్ద టీవీలు పాత సామాన్ల బండ్లకు ఎక్కినప్పుడే ఆ ఆట కూడా మన ఇళ్లలో ముగిసిపోయింది.

క్యాసెట్లు మాత్రం ఇంకా అటకల మీద ఉన్నాయి. ఆడకపోతే అప్పట్లో నోటితో ఊదేవాళ్లం. ఆ తేమే రాగి పిన్నులను తినేసింది. చిలుము పట్టిన పిన్నులను స్పిరిటుతో తుడిస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తాయి గాని, జిగురు ముద్ద కింది చిప్పు చెడితే బాగుచేసే మార్గం లేదు. అసలు మారియోకు ప్రపంచంలో కోట్ల ప్రతులున్నాయి. మార్చిన లైఫులతో, మార్చిన పేర్లతో, 9999 జాబితాతో మనం ఆడిన రూపాలు మాత్రం చాలావరకు ఆ ముద్దల కిందనే ఉన్నాయి.