చెల్లెలి పేరు గురించి అమ్మమ్మ ఉత్తరం

చిక్కడపల్లి, హైదరాబాద్.

చిరంజీవులైన నా మనవరాలిని, మనవడిని ఆశీర్వదించి అమ్మమ్మ వ్రాయునది.

మీ పిన్ని కూతురికి పెట్టడానికి మీరిద్దరూ ఏరి, నోటుపుస్తకం కాగితం మీద రాసి పంపిన 14 పేర్లనూ నిన్న రాత్రి పాప నిద్రపోయాక చదివాను. ఒక్కటి కూడా మూడక్షరాలు దాటనందుకు చాలా సంతోషించాను. అయితే వాటిలో తొమ్మిది పేర్లు ‘అ’తోనో ‘ఆ’తోనో మొదలవుతున్నాయి, ఆద్య, ఆర్య, ఆన్య, అన్వి అని వరసగా చదువుతుంటే ఏది ఏదో నాకే గుర్తుండడం లేదు. పేరు పొట్టిగా ఉంటే చాలదు, పదిమందిలో పిలిచినప్పుడు ఒక్కరే తల తిప్పి చూడాలి.

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో హాజరు పిలిచినదాన్ని కనుక ఈ మాట చెబుతున్నాను. ఒక సంవత్సరం నా తరగతిలో వెంకటలక్ష్మి, వరలక్ష్మి, విజయలక్ష్మి, భాగ్యలక్ష్మి అని నలుగురు ఉండేవారు. హాజరుపట్టీలో నాలుగూ వేరువేరు పేర్లే అయినా పిల్లల నోట అన్నీ లక్ష్మిగానే మిగిలేవి కాబట్టి, వాళ్ళు పొడుగు లక్ష్మి, కళ్ళద్దాల లక్ష్మి అని గుర్తులు పెట్టుకునేవారు. ఆ పిలుపు ఎంత బాధపెడుతున్నదో ఆ కళ్ళద్దాల పిల్ల ఒకనాడు ఏడుస్తూ వచ్చి చెప్పేదాకా నాకు తట్టలేదు. పొడుగాటి పేరును లోకం ఎలాగూ కత్తిరిస్తుంది, ఎక్కడ కత్తిరిస్తుందో మన చేతిలో ఉండదు.

పాప హస్తా నక్షత్రం నాలుగో పాదంలో పుట్టింది. 27 నక్షత్రాలకు నాలుగేసి చొప్పున 108 పాదాలు, పాదానికొక అక్షరం. హస్తకు పూ, ష, ణ, ఠ అనేవి అక్షరాలు. మనకు వచ్చింది ‘ఠ’. దానితో ఆడపిల్ల పేరు కోసం వెదకవద్దు. ఇలాంటప్పుడు పూజలో చెప్పుకోవడానికి జన్మనామం ఒకటి, లోకంలో పిలవడానికి వ్యవహారనామం ఒకటి పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే.

మీ జాబితాలో నా మనసుకు బాగా పట్టినది ‘కల’. రెండే అక్షరాలు, అచ్చమైన తెలుగు మాట. కాని మనం ఉండేది హైదరాబాదులో. పక్కింటివారు ఉర్దూ మాట్లాడతారు, బడిలో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ‘కల’ను ఆ అక్షరాల్లో రాస్తే ‘కళ’ అనీ చదవవచ్చు, ‘కాలా’ అనీ చదవవచ్చు. హిందీలో, ఉర్దూలో కాలా అంటే నలుపు. దాన్ని పట్టుకుని తోటిపిల్లలు ఎంత ఏడిపిస్తారో మీకే బాగా తెలుసు. ‘రమ’కూ ఇదే చిక్కు: రమ, రామ, రామా మూడింటినీ ఇంగ్లీషులో ఒకేలా రాస్తారు. మన లిపిలో కంటికి కనిపించే హ్రస్వదీర్ఘాలు అక్కడ కనిపించవు. అందుకని ప్రతి పేరునూ ఇంగ్లీషులో రాసి, తెలుగు రాని స్నేహితుల చేత చదివించి చూడండి.

కొత్తదనం కోసం అమ్మ పేరులో సగం, నాన్న పేరులో సగం అతికించే పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే ఆ అతుకులో రెండు పేర్ల అర్థాలూ పోతాయి. మన ఊళ్ళో పుట్టిన సరోజినీ నాయుడు గారి పెద్దమ్మాయి పేరు పద్మజ. సరోజిని అంటే తామరకొలను, పద్మజ అంటే తామరలో పుట్టినది. తల్లికీ కూతురికీ ముడి వేయడానికి ఇంతకన్నా అందమైన దారి నాకు కనిపించదు.

మీ 14 పేర్లకు నేనొకటి చేరుస్తాను: మంజీర. సంస్కృతంలో మంజీరమంటే కాలి అందె. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదరు మీదుగా మెదక్ సీమకు వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే 724 కిలోమీటర్ల నది పేరూ అదే. మీ అమ్మా పిన్నీ ఈ ఇంట్లో ఆ నీళ్ళు తాగే పెరిగారు. గంగ, యమున, కృష్ణవేణి అని నదుల పేర్లు ఆడపిల్లలకు పెట్టుకోవడం మనకు అలవాటే అయినా, మంజీర అనే అమ్మాయి నా హాజరుపట్టీలో ఒక్కనాడూ రాలేదు. హిందీ వారు మంజీరా అని సాగదీసినా నష్టం లేదు, వారికది భజనలో వాయించే తాళాల పేరు. అందె అయినా తాళమైనా చక్కని సవ్వడే.

తొందర మాత్రం లేదు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గాని, పేరును ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్చుకోవచ్చు, ఆ తరువాత 15 ఏళ్ళ వరకు రుసుము కట్టి చేర్చుకోవచ్చు. అయినా బారసాల 21వ రోజున అనుకున్నాం, ఆనాడు మీ బాబాయి పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాయడానికి ఒక పేరు కావాలి. తుది మాట పిన్నిది, బాబాయిది.

ఆదివారం ఇక్కడికి వచ్చేలోగా మీలో ఒకరు మేడ మీద, ఒకరు వీధి చివర నిలబడి, మిగిలిన పేర్లతో పాటు మంజీరను కూడా గట్టిగా పిలిచి చూడండి. చివరి అక్షరం దాకా వినిపించినవేవో రాసుకుని రండి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ