జడ్జి మీద రిట్ వేయొచ్చా? సివిల్ దావాల్లో అపోహలు, వాస్తవాలు

దావా మధ్యలో వేసిన ఐఏ (మధ్యంతర దరఖాస్తు) కొట్టేశారంటే చాలు, సాయంత్రానికి క్లయింటు ఫోన్ వస్తుంది: "సార్, ఈ జడ్జి గారి మీద హైకోర్టులో రిట్ వేసేద్దామా?"

అపోహ: కింది కోర్టు తప్పుడు ఆర్డర్ ఇస్తే రిట్ వేయొచ్చు.

వాస్తవం: సివిల్ కోర్టు విచారించి ఇచ్చిన ఆర్డర్ మీద రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ (హైకోర్టు నేరుగా ఆదేశం ఇవ్వాలని కోరే పిటిషన్) నిలవదు. నిలుస్తుందని 2003లో సూర్యదేవ్ రాయ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు బెంచ్ చెప్పిన మాట నిజమే. 2015లో రాధేశ్యామ్ వర్సెస్ ఛబినాథ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని తోసిపుచ్చారు. వాళ్లకు ఆధారం 1966 నాటి నరేష్ మిరాజ్‌కర్ తీర్పు, తొమ్మిది మంది బెంచ్‌ది. కోర్టు తన పరిధిలో ఉండి తప్పు నిర్ణయం ఇచ్చినా అది ప్రాథమిక హక్కుల ఉల్లంఘన కాదనీ, దాన్ని అప్పీలులోనో రివిజన్‌లోనో దిద్దించుకోవాలనీ అందులో తేల్చారు.

అపోహ: రిట్ లేకపోతేనేం, సీఆర్పీ (సివిల్ రివిజన్ పిటిషన్) ఉందిగా. అదీ అప్పీలు లాంటిదే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ఏపీ, తెలంగాణ హైకోర్టుల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 115 సెక్షన్ రివిజన్‌కూ, రాజ్యాంగం 227వ అధికరణ పిటిషన్‌కూ సీఆర్పీ అనే నంబరు ఇస్తారు. పేరు ఒకటే గానీ దారులు వేరు. 2002 జూలై 1 నుంచి అమలైన సవరణతో 115 చాలా ఇరుకైపోయింది. ఆ ఆర్డర్ మీకు అనుకూలంగా వచ్చి ఉంటే దావా అక్కడితో ముగిసిపోయేదా? అయితేనే రివిజన్. ప్లెయింట్ (వాది వేసిన దావా పత్రం) తిరస్కరించమని ప్రతివాది వేసిన ఐఏ కొట్టేస్తే ఇది పనికొస్తుంది. స్థలం చూసి రిపోర్టు ఇవ్వడం లాంటి పనులకు కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్‌ను వేయలేదనో, సాక్షిని మళ్లీ పిలవనివ్వలేదనో అయితే కుదరదు.

అందుకే అందరూ 227 పట్టుకుంటారు. అదేమో పర్యవేక్షణ అధికారం. కింది కోర్టును దాని హద్దుల్లో ఉంచడానికే తప్ప మామూలు తప్పులు దిద్దడానికి కాదని వర్యమ్ సింగ్ కేసులో 1954లోనే చెప్పారు. సంతకాన్ని నిపుణుడికి పంపడం అవసరం లేదని జడ్జి కారణాలు రాసి చెబితే, "నేనైతే పంపేవాణ్ణి" అని హైకోర్టు జోక్యం చేసుకోకూడదు. అసలు ఐఏని వినడానికే నిరాకరించినా, లేని అధికారం వాడినా, ఏ ఆధారమూ లేకుండా తేల్చినా కథ వేరు. ఇంజంక్షన్ ఆర్డర్ల మీద సీఎంఏ (సివిల్ మిసిలేనియస్ అప్పీలు) ఉండగా 227కి వెళ్లడాన్ని దాదాపు పూర్తి నిషేధంగానే చూడాలని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అయినా రోజూ వేస్తూనే ఉన్నారు. అందులో మా వకీళ్ల వాటా తక్కువేం కాదు.

అపోహ: జడ్జిని ప్రతివాదిగా చేర్చాలి.

వాస్తవం: వద్దు. ఆ అలవాటును 1999లో సావిత్రీదేవి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆర్డర్‌ను సమర్థించుకోవాల్సింది గెలిచిన పార్టీ.

అపోహ: సీఆర్పీ నంబరు పడితే దావా ఆగిపోతుంది.

వాస్తవం: స్టే ఆర్డర్ చేతికొచ్చేదాకా విచారణ నడుస్తూనే ఉంటుంది. వచ్చిన స్టే ఆరు నెలలకు దానంతటదే రద్దవుతుందన్న 2018 నాటి సూత్రాన్ని 2024 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీసేసింది. ఎదుటి పక్షం ఇంకా పాత తీర్పే చూపిస్తుంటే గుర్తు చేయండి.

అపోహ: ఇప్పుడు హైకోర్టుకు వెళ్లకపోతే ఆ పాయింటు పోయినట్టే.

వాస్తవం: పోదు. సీపీసీ 105 సెక్షన్ ప్రకారం, మధ్యంతర ఆర్డర్‌లోని తప్పు తీర్పును ప్రభావితం చేసి ఉంటే, తుది అప్పీలు మెమోలో దాన్ని ఒక గ్రౌండ్‌గా రాసుకోవచ్చు. మినహాయింపు రిమాండ్ ఆర్డర్లకు, అంటే కేసును మళ్లీ తేల్చమని కింది కోర్టుకు తిప్పి పంపే ఆర్డర్లకు. అప్పీలుకు వీలున్న రిమాండ్ ఆర్డర్‌ను అప్పుడే సవాలు చేయకపోతే అది తప్పని తర్వాత వాదించలేరు.