చిన్న వయసులో ట్రాన్సిషన్ (లింగ మార్పు), ఆ తర్వాతి బతుకు, తోడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆపరేషన్ అయిపోతే ఇక డాక్టర్‌తో పనిలేదు.

వాస్తవం: వృషణాలో అండాశయాలో తీసేశాక శరీరానికి కావలసిన హార్మోను మందుగా బయటి నుంచే అందాలి. డబ్బు చాలకో ఊరు మారో మానేస్తే ఎముకలు పలచబడతాయి. నొప్పి ఉండదు కాబట్టి ఎముక విరిగేదాకా సంగతి తెలియదు. హార్మోను మొదలుపెట్టిన మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్ష చేయించుకోవాలి. టెస్టోస్టిరాన్ (పురుష హార్మోను) వాడేవారిలో హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల పాలు, 54 శాతానికి చేరితే డాక్టర్ డోసు మార్చాల్సిందే. ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోను) వాడుతూ పొగ తాగితే రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అలాంటి ముప్పు ఉన్నవారికి మాత్ర కన్నా చర్మానికి అంటించే ప్యాచ్ మేలు. ఇంకో సంగతి, ట్రాన్స్ మహిళకు (మగపిల్లాడిగా పుట్టి మహిళగా మారినవారికి) సర్జరీ తర్వాత కూడా ప్రోస్టేట్ గ్రంథి (మూత్రాశయం కింద ఉండేది) లోపలే ఉంటుంది. పెద్ద వయసులో మూత్రం ఇబ్బంది వస్తే ఆ మాట డాక్టర్‌కు చెప్పి తీరాలి.

అపోహ: చిన్నప్పుడు మారినవాళ్లెవరూ సుఖపడరు.

వాస్తవం: నెదర్లాండ్స్‌లో 55 మందిని చిన్నతనం నుంచి సర్జరీ అయిన ఏడాది తర్వాతి దాకా గమనించి 2014లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికి వాళ్ల సగటు వయసు ఇరవై దాటింది. వాళ్ల మానసిక స్థితి తోటి యువతతో సమానంగా ఉంది. అయితే వాళ్లంతా జాగ్రత్తగా ఎంపిక చేసినవారు, ఇంటివాళ్ల అండ ఉన్నవారు. పోల్చి చూడటానికి మరో బృందం లేదు. కాబట్టి ఆ ఒక్క అధ్యయనం చూపించి ఏ తల్లిదండ్రులకూ పూచీ ఇవ్వకూడదు.

అపోహ: టెస్టోస్టిరాన్ తీసుకుంటే గర్భం రాదు.

వాస్తవం: అండాశయాలు, గర్భసంచి ఉన్నంతకాలం నెలసరి ఆగినా రావచ్చు. గర్భనిరోధకం విడిగా వాడాలి.

అపోహ: పిల్లల సంగతి పెళ్లయ్యాక చూసుకోవచ్చు.

వాస్తవం: యవ్వనం మొదట్లోనే బ్లాకర్లు (యవ్వనపు మార్పులను ఆపే మందులు) ఇచ్చి, వెంటనే హార్మోన్లకు మారిస్తే వీర్యంగానీ అండాలుగానీ దాచుకునేంత పక్వానికి రావు. ఈ మాట ఇంటివాళ్లతో పాటు పిల్లకో పిల్లాడికో కూడా మందు మొదలుపెట్టకముందే అర్థమయ్యేలా చెప్పాలి. పదేళ్ల తర్వాత తోడు దొరికినప్పుడు ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అపోహ: చట్టం పెళ్లికి ఒప్పుకోదు.

వాస్తవం: స్త్రీపురుష బంధంలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తేల్చింది. అలాంటి పెళ్లిలో ఉన్న ట్రాన్స్ మహిళ భర్త, అత్తింటివారి వేధింపులపై ఐపీసీ 498ఏ (2024 జులై నుంచి దాని స్థానంలో బీఎన్ఎస్ 85వ సెక్షన్ వచ్చింది) కింద ఫిర్యాదు చేయవచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది.

అపోహ: గతం దాచితేనే సంసారం నిలుస్తుంది.

వాస్తవం: రోజూ వేసుకునే మాత్రలు, డైలేటర్ (సర్జరీతో ఏర్పరచిన యోని మూసుకుపోకుండా వాడే సాధనం), రాని నెలసరి ఎన్నాళ్లు దాగుతాయి? పెళ్లి మాటలు ముదరకముందే చెప్పాలి. చెప్పేటప్పుడు నలుగురూ తిరిగే చోటు చూసుకోవాలి, ఎక్కడికి వెళ్తున్నదీ నమ్మకమైన ఒకరికి తెలిసుండాలి. పిల్లలు పుట్టే వీలుందో లేదో, ఏ మందు ఎన్నాళ్లు వాడాలో, ఈ విషయం ఇంకెవరికి తెలుసో ఒకే కూర్చోవడంలో చెప్పేయండి. వెంటనే జవాబు అడగవద్దు. వారం, పది రోజులు ఆగి, ఇద్దరూ కలిసి ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్తే అవతలివారి సందేహాలకు అక్కడే సమాధానం దొరుకుతుంది.